మేతమందు

ఆ రోజుల్లో ఎర్రబోడులో పొద్దు పొడిచేసరికి ఆవిరిమిల్లు కూత వేసేది. ఆ కూత వినగానే ఆడవాళ్ళు గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని ఇళ్ళలోంచి బయలుదేరేవాళ్ళు. ముందు రోజు కొండవార కోసి, నీళ్ళు చల్లి, గోనెపట్టా కప్పి ఉంచిన బోదగడ్డి, ఎక్కడెక్కడి నుంచో లారీల మీద వచ్చిన జొన్నచొప్ప. ఎవరి మోపు వాళ్ళు తొట్టిలో వేస్తే, లోపల పళ్ళచక్రాలు దాన్ని నలిపి, ఆవిరిలో ఉడికించి, అవతలి గొట్టంలోంచి ఆకుపచ్చని ముద్దగా బయటికి పంపేవి. తడిసిన పశువుల కొట్టం వాసన వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. ఎర్రబోడు వాళ్ళు మాత్రం ఆ ముద్దలో ఉప్పూ, చింతపండూ, నాలుగు పచ్చిమిరపకాయలూ వేసి రోట్లో నూరుకుని తినేవాళ్ళు. దాన్ని పచ్చముద్ద అనేవాళ్ళు. చంటిపిల్లలు తప్ప ఊరంతా తినేది అదే.

ఇరవై రెండో శతాబ్దం మొదలై అప్పటికి కొన్నేళ్ళే అయింది. సముద్రం పొంగి కృష్ణా గోదావరుల కింది మాగాణిలోకి ఉప్పునీరు ఎక్కాక, వరి పండే నేల సగానికి సగం పాడైపోయింది. అనంతపురం వైపు మెట్టకు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ పండించిన తరం పోయి, వేరుశనగ చెట్టును బొమ్మలో చూసిన తరం వచ్చింది. అలాంటి కాలంలో ఎర్రబోడు లాంటి ఊళ్ళు నిలబడ్డాయంటే దానికి కారణం మేతమందు.

మేతమందును కనిపెట్టిన మనిషి పేరు డాక్టర్ నీలావతి. మెట్టపంటల పరిశోధనాలయంలో సూక్ష్మజీవుల విభాగం ఆమెది.

మనిషి తినలేని తిండి ఈ భూమ్మీద బోలెడంత ఉంది. గడ్డి, ఆకు, చొప్ప, పొట్టు, వీటన్నిటి ఒంటినిండా ఉండేది సెల్యులోజ్ అనే పీచు. బియ్యంలో ఉన్నదీ చక్కెర గొలుసే, చొప్పలో ఉన్నదీ చక్కెర గొలుసే. గొలుసులోని ముళ్ళు వేసిన తీరులోనే తేడా. బియ్యపు ముడిని మన పేగు విప్పగలదు, గడ్డి ముడిని విప్పలేదు. ఆ మాటకొస్తే ఆవూ గొర్రే కూడా సొంతంగా విప్పలేవు. వాటి పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు వాటి తరఫున ఆ పని చేసిపెడతాయి. నీలావతి గొర్రె పొట్టలోని జీవినీ, చెదపురుగు కడుపులోని జీవినీ తీసుకుని, రెండింటి గుణాలనూ కలిపి, మనిషి పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న సంచిలో నివాసముండగల కొత్త జీవిని తయారు చేసింది. ప్రయోగశాలలో దాని పేరు తృణజీవి. ఒక్కసారి గుక్కెడు ద్రవం తాగితే చాలు, పాలలో తోడు పడ్డట్టు అది పేగులో స్థిరపడిపోతుంది. ఆ తర్వాత నలిపి ఉడికించిన గడ్డి ఆ మనిషికి తిండే. జనం నోట్లో పడ్డాక తృణజీవి కాస్తా మేతమందు అయింది.

ఆమె చేత ఆ పని చేయించింది ఒక మాట. పెద్ద కరువులో ఎర్రబోడు పక్కన గంజి కేంద్రం పెట్టినప్పుడు నీలావతి అక్కడ నీళ్ళు పరీక్షించడానికి వెళ్ళింది. తిప్పక్క అనే గొర్రెల కాపరి ఆవిడ కేంద్రం వెనక చింపిరి చాప మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ కూతురు మారెక్కను ఆ పొద్దునే మట్టిలో పెట్టి వచ్చారు. అదే కేంద్రంలో గంజి తాగిన ఆ పిల్ల అన్న ఎర్రిసామి బతికాడు.

నీలావతి ఏం మాట్లాడాలో తెలియక పక్కన కూర్చుంది. ఎదురుగా గుట్ట మీద నాలుగు గొర్రెలు ఎండిన గడ్డి కొరుకుతున్నాయి. తిప్పక్క వాటినే చూస్తోంది.

"సూడమ్మా, అవి బతికినాయి," అంది తిప్పక్క. "ఆ ఎండుగడ్డే తిని బతికినాయి. నా బిడ్డ కూడా తినిందమ్మా. ఆకలికి ఓర్చుకోల్యాక నోటినిండా గడ్డి కుక్కుకునింది. దానికి అరగల్యా."

ఆ మాట నీలావతిని ఆరేళ్ళు నిద్రపోనివ్వలేదు.

తృణజీవి సిద్ధమయ్యాక మొదటి మోతాదు ఆమే తాగింది. ఆమెకు గురువూ, పరిశోధనాలయానికి అధిపతీ అయిన ప్రభంజనరావు గారు ఆ సంగతి తెలిసి గదిలోకి పరిగెత్తుకొచ్చారు.

"నీకేమన్నా మతి పోయిందా? ఎలుకల మీద పరీక్షలే ఇంకా పూర్తి కాలేదు."

"ఎలుకలు మాట్లాడలేవు కదండీ సర్. ఎక్కడ నొప్పో నేనైతే చెప్పగలను."

"నువ్వు చచ్చిపోతే ఎవరు చెబుతారు?"

"మీరు చెబుతారు," అంది నీలావతి. ఆయన కోపంగా చూసి, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నారు. ఆ వారమంతా ఆమెకు కడుపు ఉబ్బి, జ్వరం కాస్తే, ఆయనే తడిగుడ్డ వేశారు. జ్వరం తగ్గిన రోజు ఆమె తవుడూ చొప్పా కలిపి ఉడికించిన ముద్ద తింది. సాయంత్రం రక్తంలో చక్కెర చూసుకుంటే, అన్నం తిన్నట్టే పెరిగి ఉంది. ఇద్దరూ ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయారు.

ఎర్రబోడులో అందరికంటే ముందు తాగింది తిప్పక్క. మొగుడు గాదిలింగప్ప వద్దన్నాడు. "మనుషులం గానీ పసురమా మనం?" అన్నాడు. తిప్పక్క అతని వైపు చూడకుండా గ్లాసు ఎత్తి తాగేసింది. నెల తిరిగేసరికి ఊరంతా తాగింది. ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు కూడా వాన రాలేదు. కానీ ఎర్రబోడులో ఆకలితో ఒక్కరూ పోలేదు. ఊరివాళ్ళు గుట్టను వంతులు వేసుకుని కోసుకునేవాళ్ళు. ఒక వైపు కోస్తే రెండో వైపు గడ్డిని ముట్టుకునేవాళ్ళు కాదు. వేళ్ళతో పీకిన వాళ్ళకు ఊళ్ళో తప్పు వేసేవాళ్ళు. గడ్డి నిలబడింది కాబట్టి మట్టి కొట్టుకుపోకుండా ఆగింది.

నీలావతి మొదటి నుంచీ ఒక మాట గట్టిగా చెబుతూ వచ్చింది. పచ్చముద్ద ప్రాణం నిలబెడుతుంది గానీ ఒంటికి పూర్తిగా చాలదు. ప్రతి మనిషికీ సగం కడుపు గడ్డి అయితే, మిగతా సగం గింజ ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్ళకూ, పాలిచ్చే తల్లులకూ, పిల్లలకూ గింజే ఎక్కువ ఉండాలి. కరువులో గింజ లేదు కాబట్టి సరే. కరువు గట్టెక్కగానే మళ్ళీ గింజ రావాలి.

కరువు గట్టెక్కింది. మూడో ఏడు మృగశిరలో మొదలైన వాన స్వాతి దాకా ఆగి ఆగి కురిసింది. నీలావతి పరిశోధనాలయం విత్తనాల గది నుంచి కొర్ర, రాగి, జొన్న విత్తనాలు తెచ్చి ఇచ్చింది. గుట్ట మీది గడ్డి పట్టి ఉంచిన మట్టిలో పైరు మోకాలెత్తు లేచింది. కోతల రోజున ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. గాదిలింగప్ప ఒక కంకి నలిపి, పొట్టు ఊది, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, నమలకుండా అలాగే ఉంచుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

కళ్ళం మీద గింజ ఆరకముందే లారీలు వచ్చాయి. ప్రభుత్వ ఆహార సంఘం వాళ్ళు గింజంతా తూచి, బస్తాల్లోకి ఎత్తి, చొప్పను మాత్రం చేలల్లోనే వదిలేశారు. ఏమిటిది అని అడిగితే, లారీతో వచ్చిన అధికారి నెమ్మదిగానే చెప్పాడు. మేతమందు తాగిన ఊళ్ళను తృణప్రాంతంగా ప్రకటించారట. అక్కడి మనుషులకు గింజ అత్యవసరం కాదట. నగరాల్లో ఉన్న కోట్లమంది కడుపులో మందు లేదు, వాళ్ళు గడ్డి తినలేరు, కాబట్టి గింజ వాళ్ళకు వెళుతుందట.

"మేం పండించిందేమో వాళ్ళకి, చొప్పేమో మాకా?" అంది తిప్పక్క.

"మీకు అరుగుతుంది కదమ్మా," అన్నాడు ఆ అధికారి. అతని గొంతులో వెటకారం లేదు.

నీలావతి ఆ రోజే బయలుదేరి రాజధానికి వెళ్ళింది. ఆహార సంఘానికి అప్పటికి పెద్ద ప్రభంజనరావు గారే. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డారు.

"నువ్వొస్తావని తెలుసు. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు సర్. ఎర్రబోడు గింజ ఎర్రబోడుకు పంపించండి."

"పంపిస్తే విశాఖలో ఎవరో ఒకరి కంచం ఖాళీ అవుతుంది. నా మనవరాలు కూడా అక్కడే ఉంది నీలా. వాళ్ళ బడిలో మధ్యాహ్నం పిల్లలకు అన్నం సగమే పెడుతున్నారు. ఎర్రబోడు వాళ్ళు గింజ లేకపోయినా బతుకుతారని కాగితం మీద రాసింది నువ్వే."

"కరువులో బతుకుతారని రాశాను. ఎప్పటికీ అలాగే బతకమని రాయలేదు."

"ఆకలేసిన వాళ్ళను ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఒకరికే పెట్టగలిగితే, గడ్డి తినలేని వాడికి పెడతావా, తినగలిగిన వాడికి పెడతావా?"

"సర్, వాళ్ళకు మందు లేకపోతే మీరు ఈ లెక్క వేసేవాళ్ళే కాదు. ఇద్దరికీ చెరి సగం పెట్టేవాళ్ళు. నేను వాళ్ళ ఆకలి తీర్చాననుకున్నాను. వాళ్ళ కంచం లాక్కోవడానికి మీకు దారి చూపించానన్నమాట."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

ఆ తర్వాతి కాలం నీలావతి జీవితంలో అన్నిటికంటే చేదు కాలం. మరికొన్ని రాష్ట్రాలు మేతమందు కావాలని అడుగుతున్నాయి. అందరూ అడిగేది ఒకే మాట, ఏ జిల్లాలకు గింజ ఆపేయవచ్చు అని. మందు తయారు కావాలంటే, పెరుగుకు తోడులాగా, అసలు జీవులున్న తల్లితోడు కావాలి. అది ఆమె దగ్గర తప్ప ఎక్కడా లేదు. మందు తాగిన నోటికీ తాగని నోటికీ సమానంగా గింజ పెట్టే చట్టం వచ్చేదాకా తల్లితోడు ఎవరికీ ఇవ్వనని ఆమె ప్రకటించింది. ఉద్యోగం పోయింది. నగరాల్లో ఆమె బొమ్మలు తగలబెట్టారు. చదువుకోడానికి పట్నం వెళ్ళిన ఎర్రబోడు పిల్లల పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. "గడ్డి తినేవాళ్ళు" అనేది అంతకు ముందు తిట్టు. ఇప్పుడది ఒక జాతి పేరు అయిపోయింది.

ఆ చట్టం మీద జరిగిన చివరి విచారణలో, ఎవరూ అనుకోకుండా, ప్రభంజనరావు గారు లేచారు. తృణప్రాంతంలో పుట్టిన పిల్లల బరువులు చదివారు. "వీళ్ళకు గడ్డి చాలదు. చాలదని నాకు ముందే తెలుసు," అని కూర్చున్నారు. ఆ నెలలోనే చట్టం మారింది. మేతమందు తాగిన ప్రతి మనిషికీ సగం కడుపుకు సరిపడా గింజ, గర్భిణికి అదనంగా మరికొంత. కొత్త పంట నుంచి ఎర్రబోడు ఇళ్ళకు గింజ రావడం మొదలైంది.

నీలావతి వెంటనే ఎర్రబోడు వెళ్ళలేదు. ఆమెకు ఇంకో పని మిగిలి ఉంది. మేతమందు కడుపులోంచి పోవడమంటూ ఉండదు. తల్లి నుంచి పుట్టే బిడ్డకు కూడా అంటుకుంటుంది. తమ పిల్లల మీద ఆ ముద్ర పడకూడదనుకునే వాళ్ళకు ఒక దారి ఉండాలని, ఆమె ఒక స్నేహితురాలి ప్రయోగశాలలో చోటు అడిగి విరుగుడు తయారు చేసింది. పుట్టిన బిడ్డ నాలుక మీద రెండు చుక్కలు వేస్తే తృణజీవి కుదురుకోదు. అది పూర్తికాగానే చలిపెట్టెలో పెట్టుకుని బయలుదేరింది.

ఆమె వెళ్ళేసరికి మధ్యాహ్నం. దారి పొడవునా రాగి కంకులు వంగి ఉన్నాయి. తిప్పక్క ఇంట్లోంచి సంగటి ఉడుకుతున్న వాసన వీధిలోకి వస్తోంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో ఆ వాసన తగిలేసరికి నీలావతి గడప బయటే ఒక్క క్షణం ఆగిపోయింది.

"రాండి మేడమ్మా, రాండి!" గాదిలింగప్ప ఎదురొచ్చాడు. "మీ పుణ్యాన మళ్ళా సంగటి తింటాండాం. కుచ్చోండి, కుచ్చోండి. రేయ్ ఎర్రిసామీ, మేడమ్మకు పీట ఎయ్‌రా."

ఎర్రిసామి ఇప్పుడు బాగా ఎదిగిన మనిషి. భుజాలు నిండాయి, పెళ్ళి కూడా అయింది. వరసగా మూడు కంచాలు పెట్టారు. తిప్పక్క వచ్చి పొగలు కక్కే సంగటిముద్దలు పెట్టి, మధ్యలో గుంట చేసి ఉలవచారు పోసింది. నీలావతి కంచంలో అందరికంటే పెద్ద ముద్ద పడింది.

"నువ్వూ, నీ కోడలూ?" అడిగింది నీలావతి.

"మేము యనక తింటాంలేమ్మా. మీరు తినండి, సల్లారిపోతాది."

"నేను లోపలికే వస్తాను తిప్పక్కా. నీతో తిని ఎన్నాళ్ళయింది." నీలావతి కంచం పట్టుకుని లేచింది.

"అయ్యో, లోపల పొగమ్మా," అంటూ తిప్పక్క అడ్డం రాబోయింది గానీ అప్పటికే ఆమె వంటింట్లోకి అడుగు పెట్టింది.

కోడలు సుంకమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నెలలు నిండుతున్న కడుపు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఒళ్ళో గిన్నె. గిన్నెలో పచ్చముద్ద. నీలావతిని చూడగానే గిన్నెను కొంగు కిందికి జరుపుకుంది. పొయ్యి పక్కన ఇంకో గిన్నె మూత వేసి ఉంది. నీలావతి మూత తీసి చూసింది. అందులోనూ పచ్చముద్దే.

"గింజ రాలేదా?"

"వచ్చిందమ్మా," అంది తిప్పక్క. "నెల నెలా వస్తాండాది. మీరు చెప్పినట్లే ఇస్తాండారు. తలకింత అని."

"మరి ఇదేమిటి?"

తిప్పక్క పొయ్యిలో పుల్ల సర్దుతూ చెప్పింది. "తలకి సగం కడుపుకే గదమ్మా ఇచ్చేది. మొగోళ్ళు చేన్లో పడి కష్టం చేస్తారు. సగం కడుపు సంగటి తింటే నడుం నిలవదంటారు. మా వంతు కూడా వాళ్ళకే పెడితే వాళ్ళకు నిండుతాది. మాకేమ్మా, కడుపులో మందు ఉండాది. ఏం తిన్నా అరిగిపోతాది."

"వాళ్ళ కడుపులోనూ ఉంది కదా తిప్పక్కా మందు."

తిప్పక్క చెయ్యి ఆగింది. ఆ మాట అంతవరకూ ఎవరూ అననట్టు, తనకూ తట్టనట్టు, నీలావతి మొహంలోకి చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది.

"ఉండాదిలే అమ్మా. వాళ్ళకి నోటికి పోదు."

"కడుపుతో ఉన్నదానికి వేరేగా ఇస్తున్నారు కదా. అది?"

బయట ఎర్రిసామి, "అమ్మా, ఇంకో ముద్ద ఉందా?" అని కేక వేశాడు. తిప్పక్క గబగబా లేచి కుండలో ఉన్న చివరి ముద్ద తీసుకుని వెళ్ళింది.

"ఒక్క మీ ఇంట్లోనేనా?" అని నీలావతి మెల్లగా అడిగింది.

"అందరిండ్లల్లో ఇంతేనమ్మా," అంది సుంకమ్మ. "మా పుట్టింట్లోనూ ఇంతే."

పొద్దున ఆవిరిమిల్లు దగ్గరికి వచ్చే మోపులు, చట్టం వచ్చాక సగానికి తగ్గాయని నీలావతికి ఎవరో చెప్పారు. విని సంతోషించింది. ఆ మిగిలిన సగం ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

ఆమె నేల మీద కూర్చుని తన కంచం సుంకమ్మ ముందుకు జరిపింది. "తిను."

సుంకమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడే తిరిగి వచ్చిన తిప్పక్క ఒకసారి కోడలి వైపూ, ఒకసారి కంచం వైపూ చూసింది. వెనక్కి తిరిగి చేత్తో తలుపు నెట్టి, బయటికి కనిపించకుండా వీపు ఆనించి నిలబడింది.

"బిరబిరా తిను," అంది కోడలితో, గొంతు తగ్గించి. "వాళ్ళు చేతులు కడిగేలోపల తిను."

సుంకమ్మ వేళ్ళు కాలుతున్నా ఆగకుండా తింది. మధ్యలో ఎక్కిళ్ళు వస్తే నీళ్ళు తాగి మళ్ళీ తింది. కంచం అడుగున అంటిన ఉలవచారును కూడా వేలితో తుడిచి నాకింది. అప్పుడు కొంచెం స్థిమితపడి, నీలావతి పక్కన ఉన్న చలిపెట్టె వైపు చూసింది.

"ఇదేనామ్మా, బిడ్డకు మందు అంటకుండా ఏసేది? ఊళ్ళో చెప్పుకుంటాండారు."

"ఇదే. పుట్టగానే రెండు చుక్కలు వేస్తే చాలు. నీ బిడ్డ అందరి పిల్లల్లాగే అన్నం తిని పెరుగుతుంది."

సుంకమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుని కొంతసేపు ఆలోచించింది. ఆమె మొహంలో కోపం లేదు, దుఃఖం కూడా లేదు. ఇంటి పని గురించి మాట్లాడుకున్నంత మామూలుగా అడిగింది.

"మొగపిల్లోడైతే ఎయ్యండమ్మా. ఆడపిల్లయితే మాత్రం వద్దు, మందు ఉండనియ్యండి. ల్యాకపోతే అదేం తింటాది?"